మూడో కళ్ళజోడుకు ముందు కార్నియా స్కాన్ చేయించండి

సంపాదకుల వారికి,

నమస్కారం.

బడులు తెరిచే రోజుల్లో కర్నూలు నుంచి ఆదోని, డోన్ దాకా ఏ కళ్ళజోళ్ళ దుకాణంలో నిలబడినా ఒక మాట వినబడుతుంది: "పోయినేడే అద్దాలు మార్చినాం సార్, మళ్ళా బోర్డు కనపల్లేదంటాండాడు." తల్లిదండ్రులు సెల్‌ఫోన్‌ను తిడతారు. దుకాణదారు కొత్త నంబరు వేసిస్తాడు. పిల్లల్లో ఎక్కువమందికి అది ఎదుగుదలతో పాటు పెరిగే మామూలు మైనస్ పవరే. అయితే ఆ చీటీలో పెరిగింది మైనస్ నంబరా, సిలిండర్ నంబరా (ఒక్కో దిశలో ఒక్కోలా ఉండే వంపును సరిచేసే పవర్), యాక్సిస్ (ఆ పవర్ వేసే కోణం) ఎటు తిరిగింది అని పాత చీటీ పక్కన పెట్టి చూసేవాళ్ళు తక్కువ. పన్నెండేళ్ళ నుంచి పాతికేళ్ళ లోపు వయసులో సిలిండర్, యాక్సిస్ రెండూ ఆగకుండా మారుతుంటే కెరటోకోనస్‌ను, అంటే కంటి ముందుండే కార్నియా పొర పలచబడి ముందుకు ఉబ్బే జబ్బును, అనుమానించాలి. ఈ జబ్బును తొలిదశలో పట్టడానికి ఏ పరీక్షలున్నాయి, అవి ఏం చెబుతాయి, ఎక్కడ పొరబడతాయి అన్నది కర్నూలు, అనంతపురం, కడప పాఠకులకు వివరంగా తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

నల్లగుడ్డు ముందు గడియారం అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొరే కార్నియా. వెడల్పు పన్నెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. నడిమధ్యన మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. కంటికున్న మొత్తం ఫోకస్ శక్తిలో మూడింట రెండు వంతులు దీనిదే, దాదాపు 43 డయాప్టర్లు (అద్దాల పవర్‌ను, కార్నియా వంపును కొలిచే ప్రమాణం ఇదే). లోపల కొల్లాజెన్ పోగులు ఒక వరుస మీద ఇంకో వరుస అడ్డంగా పరిచినట్టు వందల పొరలుగా ఉంటాయి. ఏదో ఒకచోట ఆ పోగుల పట్టు సడలితే, లోపలి నుంచి రాత్రింబవళ్ళు నెట్టే కంటి ఒత్తిడికి ఆ చోటు లొంగిపోతుంది. సైకిల్ ట్యూబులో రబ్బరు చచ్చుబడిన చోట గాలి కొట్టగానే బుడగ లేస్తుంది చూడండి, అలాగే. బుడగ లేచినచోట రబ్బరు పలచన, పలచనైన చోట బరువెక్కువ, బరువెక్కువైన కొద్దీ ఇంకా పలచన. కార్నియాలో ఈ బుడగ సాధారణంగా మధ్య భాగానికి కొంచెం కింద, చెవి వైపుగా వస్తుంది. లివర్‌పూల్ వైద్యుడు జాన్ నాటింగ్‌హామ్ 1854లో ఈ జబ్బును మిగతా కంటి జబ్బుల నుంచి వేరు చేసి వర్ణించాడు.

అంటే జబ్బు నడిచే దారి ఇది: ముందు పట్టు సడలుతుంది, తరవాత పలచబడుతుంది, ఆపైన ఆకారం మారుతుంది, చిట్టచివర చూపు మసకబారుతుంది. మనం చేసే పరీక్షలు మాత్రం ఈ దారిని చివరి నుంచి మొదలుపెడతాయి. అక్షరాల చార్టు చూపును కొలుస్తుంది. ఆ చార్టులో 6/6, అంటే మామూలు చూపుకు ఉండాల్సిన వరుస దాకా చదివిన పిల్లవాడి కార్నియా వెనక వైపు అప్పటికే ఉబ్బి ఉండవచ్చు.

స్కాన్ మాట తరవాత. పైసా ఖర్చు లేకుండా బయటపడే గుర్తుల గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే స్కాన్ దాకా ఎవర్ని పంపాలో తేల్చేవి ఇవే. సరైన నంబరు వేసినా చూపు 6/9 దగ్గరే ఆగిపోయి, చిన్న రంధ్రమున్న నల్ల బిళ్ళ అడ్డం పెట్టగానే ఇంకో వరుస చదివితే అది ఒక గుర్తు. సిలిండర్ 2 డయాప్టర్లు దాటడం, యాక్సిస్ ఏటవాలుగా ఉండటం, రెండు కళ్ళ సిలిండర్లకు పొంతన లేకపోవడం, రాత్రిపూట వీధి దీపం చుట్టూ తోకలు సాగినట్టు, ఒంటి కన్నుతో చూసినా అక్షరానికి నీడలాంటి ఇంకో అక్షరం ఉన్నట్టు కనబడటం మిగతావి.

వీటన్నిటికంటే విలువైనది రెటినోస్కోప్, అంటే కంటిలోకి వెలుగు పట్టి లోపలి నుంచి తిరిగొచ్చే మెరుపును చూసే చేతి పరికరం. చీకటి గదిలో పిల్లవాడిని దూరంగా ఉన్న దీపం వైపు చూడమని, రెటినోస్కోప్ వెలుగు పట్టీని కంటిపాప మీదుగా అటూ ఇటూ జరపాలి. మామూలు కంటిలో లోపలి ఎర్రటి మెరుపు ఒకే పట్టీగా కదులుతుంది. కెరటోకోనస్ మొదలైన కంటిలో ఆ మెరుపు రెండుగా చీలి, కత్తెర రెండు అలుగుల్లాగా ఒకదానికొకటి ఎదురొచ్చి కలిసి మళ్ళీ విడిపోతుంది. అనుభవమున్న చేతికి ఇది పది సెకన్ల పని. కంటిపాప పెద్దగా ఉన్నప్పుడు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి, చుక్కలు వేసి సైటు చూసే పిల్లలందరిలోనూ దీన్ని వెతకాలి. చేతి పొడవు దూరం నుంచి ఆఫ్తాల్మోస్కోప్‌తో చూస్తే అదే ఎర్రటి మెరుపు మధ్యలో నీటి మీద తేలే నూనె చుక్కలా ఒక నీడ వలయం కనిపిస్తుంది. మన ఊళ్ళలో 'కంప్యూటర్ పరీక్ష' అని పిలుచుకునే ఆటోరిఫ్రాక్టోమీటర్ వచ్చాక రెటినోస్కోప్ చాలాచోట్ల సొరుగులోకి వెళ్ళిపోయింది. ఇది మాకు నిజంగా బాధ కలిగించే విషయం. కంప్యూటర్ ఏ కంటికైనా ఒక నంబరు ఇచ్చేస్తుంది, మెరుపు చీలిందని చెప్పదు. ఒకే కంటికి మూడుసార్లు తీస్తే మూడు రకాల సిలిండర్ వస్తే మాత్రం అది యంత్రం తప్పని వదిలేయకండి, అదీ ఒక సూచనే.

దాని పక్కనే ఉండే కెరటోమీటర్ కార్నియా మధ్యలో దాదాపు 3 మిల్లీమీటర్ల వలయం మీద వంపును మాత్రమే కొలుస్తుంది. బుడగ అంతకంటే కింద ఉంటే అంకెలు మామూలుగానే వస్తాయి. అయినా పనికిరాదని కాదు: అందులో కనిపించే వలయాలు గుడ్డు ఆకారంలోకి సాగినా, ప్లస్ గుర్తులు ఒకదాని మీద ఒకటి ఎంత తిప్పినా కుదరకపోయినా రాసిపెట్టాలి. వంపు 47.2 డయాప్టర్లు దాటితే అనుమానించాలన్నది అమెరికా కంటి వైద్యుడు రబినోవిట్జ్ చెప్పిన, ఇప్పటికీ వాడుకలో ఉన్న కొలమానం.

ఎంతమందిలో ఉంటుంది అంటే, జవాబు వెతికే పరికరాన్ని బట్టి మారుతుంది. అమెరికాలోని మిన్నెసోటాలో పాత పద్ధతుల్లో లెక్కిస్తే లక్షకు సుమారు 54 మంది తేలారు. మధ్య భారతంలో, మహారాష్ట్ర పల్లెల్లో ముప్పై ఏళ్ళు దాటిన వాళ్ళలో 48 డయాప్టర్లు దాటిన వంపును కొలమానంగా పెట్టుకుంటే వందకు 2.3 మంది వచ్చారు. వంపు ఒక్కటే చూసిన లెక్క గనుక దాన్ని అక్షరాలా తీసుకోలేం. కానీ ఇది మన దేశంలో అరుదైన జబ్బు కాదని అనుకోవడానికి అది చాలు.

ఇక స్కాన్. కార్నియా స్కాన్ పేరుతో రెండు వేరువేరు పరీక్షలు చలామణిలో ఉన్నాయి. ఒకటి టోపోగ్రఫీ. నల్లని, తెల్లని వలయాల బింబం కార్నియా మీద పడేలా చేసి, ఆ వలయాలు ఎక్కడ ఒత్తుగా, ఎక్కడ ఎడంగా ఉన్నాయో చూసి ముందు వైపు వంపును పటంగా గీస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు పోర్చుగీసు వైద్యుడు ప్లాసిడో వాడిన వలయాల బిళ్ళే దీనికి మూలం. కింది సగం పై సగం కంటే 1.4 డయాప్టర్లకు మించి నిటారుగా ఉంటే అనుమానం. మంచి పరీక్షే. కానీ ముందు వైపు ఒక్కటే చూస్తుంది.

ముందు వైపు మనల్ని మోసం చేస్తుంది. కార్నియా పైన 50 మైక్రాన్ల మందాన ఎపిథీలియం అనే పలుచని చర్మం ఉంటుంది. గోడకు లప్పం పట్టించేటప్పుడు గుంటల్లో ఎక్కువ నింపి, ఎత్తుల మీద గీకేస్తారు కదా, ఎపిథీలియం సరిగ్గా అదే పని చేస్తుంది. లోపల బుడగ లేచిన చోట తాను పలచబడి, చుట్టూ మందమై, ముందు వైపును నున్నగా చూపిస్తుంది. అందుకే తొలిదశలో టోపోగ్రఫీ నార్మల్ అని వస్తుంది. వెనక వైపున అంత మందమైన లప్పం ఉండదు. అక్కడ ఉబ్బు ఉంటే ఉన్నట్టే కనబడుతుంది. కెరటోకోనస్ మీద 2015లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయం కూడా ఇదే చెప్పింది: తొలిదశ అని నిర్ధారించాలంటే వెనక వైపు ఎత్తులో తేడా ఉండి తీరాలి. మధ్యలో మందం ఎంత అనే ఒక్క అంకె నమ్మకానికి అన్నిటికంటే తక్కువది.

వెనక వైపునూ, మందాన్నీ కలిపి చూపేది టోమోగ్రఫీ. పెంటాక్యామ్ లాంటి పరికరాల్లో ఒక సన్నని నీలి వెలుగు చీలిక, దానితో పాటు ఏటవాలుగా అమర్చిన కెమెరా కంటి చుట్టూ తిరుగుతూ రెండు సెకన్లలో 25 లేదా 50 అడ్డకోతల ఫొటోలు తీస్తాయి. కెమెరాను అలా ఏటవాలుగా పెడితే ముందు నుంచి వెనక దాకా అంతా స్పష్టంగా వస్తుందన్నది ఆస్ట్రియా సైనికాధికారి థియోడోర్ షైమ్‌ఫ్లూగ్ 1904లో పేటెంటు తీసుకున్న సూత్రం. ఆయన వాడింది గాలిలోంచి తీసిన ఫొటోలతో భూమి పటాలు గీయడానికి. మీరు స్కాన్‌కు వెళ్ళేముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఈ మిషన్ కార్నియా వెనక వైపును కూడా కొలుస్తుందా?"

చేతికొచ్చే రంగుల కాగితంలో ఎరుపు కనిపించగానే బెంబేలెత్తిపోవద్దు. ఒకే కంటికి రంగుల మెట్టును సన్నగా పెడితే ఎర్రగా, పెద్దగా పెడితే ఆకుపచ్చగా వస్తుంది. పక్కన ఉన్న స్కేలు చదవకుండా రంగు చూసి తీర్పు చెప్పకూడదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి: అతి పలచని చోటు ఎక్కడుంది, అక్కడి నుంచి అంచులకు పోయేకొద్దీ మందం ఎంత వేగంగా పెరుగుతోంది, అదే చోట వెనక వైపు ఎత్తు ఉందా, ముందు వైపు వంపు కూడా అక్కడే ఎక్కువైందా. ఈ నాలుగూ ఒకే చోట కలిస్తే అది జబ్బు. ఒక్కొక్కటి ఒక్కోచోట చెదురుగా ఉంటే చాలాసార్లు కొలతలో పొరపాటే. కంటి వైద్యులు మైకేల్ బెలిన్, రెనాటో అంబ్రోసియో రూపొందించిన విశ్లేషణ పేజీలో ఇవన్నీ కలిపి 'డి' అనే ఒక అంకె వస్తుంది. 1.6 దాటితే పసుపు, 2.6 దాటితే ఎరుపు. పుట్టుకతో కార్నియా వెడల్పు తక్కువ ఉన్నవాళ్ళకు ఈ అంకె ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. పోల్చి చూసే నార్మల్ కొలతలు ప్రధానంగా పెద్దవాళ్ళవి అన్నదీ పిల్లల రిపోర్టు చదివేటప్పుడు గుర్తుండాలి.

కొలతలో పొరపాటు అన్నాం కదా, అది ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి. మేం చూసే అనుమానపు రిపోర్టుల్లో మళ్ళీ తీస్తే మామూలుగా వచ్చేవి తక్కువేం కాదు. మొదటి కారణం కాంటాక్ట్ లెన్సు. లెన్సు కార్నియాను నొక్కి ఆకారం మార్చేస్తుంది. మెత్తని లెన్సు అయితే కనీసం వారం, సెమీ సాఫ్ట్ అనే గట్టి లెన్సు అయితే రెండు మూడు వారాలు తీసేసి రావాలి. 'నిన్న రాత్రే తీసేశాను' అంటే ఆ రోజు స్కాన్ వృథా. రెండోది కన్నీటి పొర. ఏప్రిల్, మే ఎండలో బైకు మీద నలభై కిలోమీటర్లు వచ్చి సరాసరి గడ్డం ఆనిస్తే కన్ను ఎండిపోయి ఉంటుంది. పావుగంట చల్లని చోట కూర్చోబెట్టి, రెండుసార్లు నిండుగా రెప్ప కొట్టమని, మూడోసారి తెరిచిన వెంటనే తీయాలి. మూడోది వరుస తప్పడం. ఒత్తిడి కొలిచే పరీక్ష, మత్తు చుక్కలు, పసుపు రంగు పట్టీ, కంటిపాప పెద్దచేసే చుక్కలు ఇవన్నీ స్కాన్ తరవాతే. ముందు చేస్తే పై పొర చెదిరి లేని గుంటలు కనిపిస్తాయి. నాలుగోది రెప్ప. చిన్న పిల్లలు సగమే తెరుస్తారు, పై భాగం కొలతలో ఉండదు, యంత్రం ఊహించి పూరిస్తుంది. ఇక తల పక్కకు వాలినా, చూపు మధ్య దీపం మీద లేకపోయినా, లేని 'కింది వంపు' పుట్టుకొస్తుంది. ప్రతి స్కాన్ మీదా నాణ్యత గుర్తు ఉంటుంది. అది 'ఓకే' అని లేకపోతే ఆ కాగితాన్ని రోగి చేతికి ఇవ్వకూడదు. ఒక్కో కంటికి మూడుసార్లు తీసి, మూడూ ఒకే మాట చెబుతున్నాయా చూడాలి. రెండు కళ్ళూ తీయాలి, ఫిర్యాదు ఒక కంటికే ఉన్నా సరే.

ఆ రెండో కన్ను దగ్గరే అసలు కథ ఉంది. కెరటోకోనస్ రెండు కళ్ళ జబ్బు, ఒకటి ముందు, ఒకటి వెనక. ఒక కంటిలో స్పష్టంగా ఉండి, రెండో కన్ను పరీక్షల్లో మామూలుగా ఉన్నవాళ్ళను ఏళ్ళ తరబడి గమనిస్తే, పదహారేళ్ళలో దాదాపు సగం మందికి ఆ 'మంచి' కంటిలోనూ వచ్చింది. ఎక్కువ ముప్పు మొదటి ఆరేళ్ళలోనే. కాబట్టి ఆ మంచి కన్ను నిజంగా మంచిదో, ఇంకా బయటపడని జబ్బుదో పటం చెప్పలేనప్పుడు ఏం చేయాలి అన్న ప్రశ్నకు జవాబుగా బయోమెకానికల్ కొలతలు వచ్చాయి. ఆకారం మారకముందే పట్టు సడలుతుందన్నాం కదా, ఆ పట్టునే కొలవడం.

పద్ధతి వినడానికి సులువు. కంటి మీదికి చిన్న గాలి ఊదుతారు, కార్నియా ఎలా లొంగి ఎలా లేస్తుందో చూస్తారు. 2005లో వచ్చిన ఓక్యులర్ రెస్పాన్స్ అనలైజర్ కార్నియా లోపలికి పోతూ చదునయ్యే క్షణపు ఒత్తిడికీ, తిరిగి లేస్తూ చదునయ్యే క్షణపు ఒత్తిడికీ మధ్య తేడాను ఇస్తుంది. దాన్ని హిస్టరిసిస్ అంటారు. ఆరోగ్యమైన కళ్ళలో పది పదకొండు మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది, కెరటోకోనస్‌లో తగ్గుతుంది. కానీ 8 వచ్చిన ఆరోగ్యవంతులూ ఉంటారు, 10 వచ్చిన రోగులూ ఉంటారు. ఆ ఒక్క అంకెతో ఎవరికీ జబ్బు పేరు పెట్టకూడదు.

తరవాత వచ్చిన కార్విస్ ఎస్‌టీ గాలి ఊదుతూనే కార్నియా అడ్డకోతను సెకనుకు 4,330 ఫొటోల వేగంతో తీస్తుంది. మొత్తం జరిగేది ముప్పై మిల్లీసెకన్ల పైచిలుకు సమయం, అందులో 140 ఫొటోలు. ఆ వీడియోను తెర మీద నెమ్మదిగా నడిపి చూస్తే మాటలక్కర్లేదు. కార్నియా ఒక తెల్లని విల్లులా కనిపిస్తుంది. గాలి తగలగానే విల్లు నడుమ చదునవుతుంది, ఆపైన లోపలికి గుంట పడుతుంది, గుంట లోతు మిల్లీమీటరుకు అటూ ఇటూ, మళ్ళీ చదునై యథాస్థానానికి వస్తుంది. గట్టి కార్నియాలో గుంట పళ్ళెంలా వెడల్పుగా, నిండుగా పడుతుంది. పట్టు తప్పిన కార్నియా తొందరగా లొంగిపోతుంది, గుంట చిన్న గరిటెలా ఇరుకుగా, కోసుగా దిగుతుంది. మధ్య బిందువు ఎంత కదిలింది, దానికి 2 మిల్లీమీటర్ల అవతల ఎంత కదిలింది అన్న నిష్పత్తి ఈ ఇరుకుతనాన్ని అంకెలో చెబుతుంది. దానితో పాటు మొదటిసారి చదునయ్యేటప్పటి గట్టిదనం, గుంట వంపు, మందం మారే తీరు కలిపి సీబీఐ (కార్విస్ బయోమెకానికల్ ఇండెక్స్) అనే సూచిక వస్తుంది. సున్నా నుంచి ఒకటి దాకా, 0.5 దాటితే అనుమానం.

పటం, పట్టు రెండింటినీ కలిపి కంప్యూటర్‌కు నేర్పిస్తే వచ్చిన సూచిక టీబీఐ (టోమోగ్రఫిక్ అండ్ బయోమెకానికల్ ఇండెక్స్). అంబ్రోసియో బృందం 2017లో ప్రకటించింది. స్పష్టమైన జబ్బుకు గీత 0.79. ఇంతకుముందు చెప్పిన 'మంచి' కళ్ళకు, అంటే పటం మామూలుగా ఉన్న కళ్ళకు, గీత 0.29. ఆ గీత దగ్గర అలాంటి కళ్ళలో వందకు 90 పట్టుకుంది, ఆరోగ్యమైన కళ్ళలో వందకు 96 సరిగ్గా వదిలేసింది. వేరే కేంద్రాల్లో మళ్ళీ పరీక్షించినప్పుడు పట్టుకునే శాతం అంతకంటే తగ్గిన సందర్భాలున్నాయి. మంచి అంకెలే. కానీ వాటి వెనక చిన్న లెక్క ఉంది, అది వేసి చూడకపోతే నష్టం. వెయ్యి మంది పిల్లలను నిలబెట్టి అందరికీ ఈ పరీక్ష చేశామనుకోండి. అందులో నిజంగా జబ్బు ఇరవై మందికి ఉందనుకుందాం. ఇరవైలో పద్ధెనిమిది మందిని పట్టుకుంటుంది. మిగిలిన 980 మందిలో నూటికి నలుగురి చొప్పున 39 మందిని కూడా జబ్బున్న వాళ్ళ కింద చూపిస్తుంది. మొత్తం 57 మంది ఇళ్ళకు భయం వెళుతుంది, అందులో 39 ఇళ్ళకు అనవసరంగా. అందుకే మా అభిప్రాయం గట్టిగా చెబుతున్నాం: ఈ ఖరీదైన పరీక్షలు అందరికీ కాదు. పాత చీటీలు, రెటినోస్కోప్, దురదతో కళ్ళు నులుముకునే అలవాటు, కుటుంబ చరిత్ర అనే జల్లెడలో పట్టిన తరవాత మిగిలినవాళ్ళకు. అక్కడ ఈ అంకెల విలువ చాలా పెరుగుతుంది.

గాలి పరీక్షకూ దాని పొరపాట్లు దానికున్నాయి. కంటి ఒత్తిడి ఎక్కువ ఉంటే మెత్తని కార్నియా కూడా గట్టిగా నటిస్తుంది. కంటి ఒత్తిడిని తగ్గించే గ్లకోమా చుక్కలు వాడేవాళ్ళలో దీనికి తలకిందులు. పుట్టుకతోనే పలుచని, కానీ ఆరోగ్యమైన కార్నియాకు సీబీఐ పెరిగి కనిపిస్తుంది. గాలి వస్తుందని భయపడి పిల్లవాడు రెప్పలు బిగిస్తే, తల వెనక్కి లాగితే ఆ కొలత పారేయాల్సిందే. ముందు పిల్లవాడి చేతి మీద ఒకసారి ఊది చూపిస్తే చాలామంది కుదురుగా కూర్చుంటారు.

తొలిదశలో దొరికితే లాభమేంటి అనే వాళ్ళకు: కొల్లాజెన్ క్రాస్‌లింకింగ్ అనే చికిత్స ఉంది, మన దగ్గర సీ త్రీ ఆర్ అంటారు. డ్రెస్డెన్‌లో పుట్టిన పద్ధతి, రోగుల మీద తొలి ఫలితాలు 2003లో వచ్చాయి. ఎపిథీలియాన్ని మధ్యలో 8, 9 మిల్లీమీటర్ల మేర తీసి, 0.1 శాతం రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) చుక్కలు అరగంట పాటు వేసి, ఆపైన 370 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీవాట్ల చొప్పున ఇంకో అరగంట ఇస్తారు. పోగుల మధ్య కొత్త ముడులు పడి కార్నియా గట్టిపడుతుంది. జబ్బు ముందుకు పోకుండా ఆపడమే దీని పని, పోయిన చూపును తేవడం కాదు, అద్దాలు తీసేయడం అసలే కాదు. ఈ మూల పద్ధతికి ఎపిథీలియం తీశాక కనీసం 400 మైక్రాన్ల మందం మిగలాలి, లేకపోతే కాంతి లోపలి కణాలను దెబ్బతీస్తుంది. ఆలస్యం చేసిన కొద్దీ ఆ 400 చేజారిపోతుంది. పలుచని కళ్ళకు మార్చిన పద్ధతులున్నాయి గానీ, మొదటి దారి మూసుకుపోయినట్టే. ఆ తరవాత మిగిలేవి గట్టి లెన్సులు, తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లీరల్ లెన్సులు, చివరికి కార్నియా మార్పిడి. చికిత్స తరవాత మొదటి నెల స్కాన్‌లో వంపు పెరిగినట్టు, పొగమంచు పట్టినట్టు కనిపించి తరవాత తగ్గుతుంది. ఆ నెలలోనే వేరేచోట స్కాన్ తీయించి 'ఫెయిలైంది' అనుకోవద్దు.

పెరుగుతోందా లేదా అనేది ఒక్క స్కాన్‌తో తేలదు. ఏడాదిలో గరిష్ఠ వంపు ఒక డయాప్టర్ పెరిగితే ముందుకు పోతున్నట్టు చాలామంది లెక్కగడతారు. పిల్లల్లో జబ్బు వేగంగా నడుస్తుంది, కాబట్టి మూడు నాలుగు నెలలకొకసారి చూడాలి. పోల్చేది ఒకే రకం మిషన్ మీద, ఒకే విధంగా తీసినవి. కర్నూలులో ఒక మిషన్ మీద, బెంగళూరులో ఇంకో మిషన్ మీద తీసిన వంపుల మధ్య తేడా జబ్బు పెరుగుదల కాదు. అందుకే రిపోర్టు కాగితం జాగ్రత్త. ఇంకో మాట: కంప్యూటర్ పరీక్ష ఇచ్చే చిన్న చీటీ వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతుంది, కొన్ని నెలల్లో అక్షరాలు వెలిసిపోతాయి. దుకాణం బయటికి రాకముందే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రెండేళ్ళ నాటి సిలిండర్ ఎంతో తెలిస్తే చాలాసార్లు సగం రోగ నిర్ధారణ అయినట్టే.

ఇక కళ్ళు నులుముకోవడం. ఈ జబ్బుకు మన చేతిలో ఉన్న కారణం ఇదొక్కటే. ఆదోని జిన్నింగ్ మిల్లుల నూగు, బేతంచెర్ల, తాడిపత్రి నాపబండల పాలిష్ దుమ్ము, అనంతపురం వేరుశనగ నూర్పిళ్ళు, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పొడిగాలి, వీటిలో తిరిగే అలర్జీ పిల్లలకు కళ్ళు దురద పెట్టకుండా ఎలా ఉంటాయి? కళ్ళు ఎర్రబడి, తీగలా సాగే పుసి వచ్చి, వెలుగు చూడలేక, వేళ్ళ కణుపులతో గట్టిగా రుద్దుకునే పిల్లవాడిని 'అలవాటు' అని కసిరి ఊరుకోవద్దు, దురదకు మందు వేయించండి. చల్లని నీళ్ళ గుడ్డ, కన్నీటి చుక్కలు, డాక్టరు రాసిన అలర్జీ చుక్కలు చాలామందికి సరిపోతాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టిరాయిడ్ చుక్క మాత్రం ఒక్కరోజులో దురద ఆపి, నెలల తరబడి వాడితే గ్లకోమా, శుక్లాలు తెస్తుంది. తోబుట్టువుల్లో, తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఈ జబ్బుంటే, డౌన్ సిండ్రోమ్ ఉంటే, నులుముకోకపోయినా ఒకసారి స్కాన్ చేయించాలి. మేనరికాల్లో ఎక్కువగా కనిపించినట్టు విదేశీ పరిశోధన ఉంది, మన ఇళ్ళలో ఇది తీసిపారేసే మాట కాదు.

పోలీసు, సైన్యం ఉద్యోగాల కోసం, పెళ్ళి చూపులకు ముందు లేసిక్, అంటే కార్నియాను లేజర్‌తో చెక్కి అద్దాల నంబరు తగ్గించే ఆపరేషన్, చేయించుకోవాలనుకునే యువతకు ఒక హెచ్చరిక. బయటపడని కెరటోకోనస్ ఉన్న కార్నియాను లేసిక్‌తో ఇంకా పలచన చేస్తే బుడగ వేగంగా లేస్తుంది. లేసిక్ తరవాత ఇలా ఉబ్బిన కళ్ళ గురించి వైద్య పత్రికల్లో 1998 నుంచే ఉంది. వెనక వైపు కొలిచే స్కాన్ లేకుండా, 'మందం సరిపోతుంది' అన్న ఒక్క మాట మీద ఆపరేషన్ టేబుల్ ఎక్కకండి. చేయనన్న డాక్టరును మార్చి ఇంకొకరి దగ్గరికి పోవద్దు.

రాష్ట్రంలో బడి పిల్లలందరికీ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు 2019 అక్టోబరు 10న అనంతపురంలోనే మొదలైంది. అలాంటి శిబిరాలు ఎప్పుడు, ఏ పేరుతో జరిగినా మా కోరికలు మూడు. శిబిరానికి వచ్చే ప్రతి బృందంలో రెటినోస్కోప్ పట్టగల ఒకరైనా ఉండాలి. మెరుపు చీలినా, ఏడాదిలో సిలిండర్ ఒక డయాప్టర్ మారినా, అద్దాలు వేసినా 6/6 రాకపోయినా ఆ పిల్లలకు కొత్త కళ్ళజోడుతో సరిపెట్టక, జిల్లా కేంద్రంలో టోమోగ్రఫీకి పంపే చీటీ ఇవ్వాలి. ఆ యంత్రం జిల్లాకు ఒక ప్రభుత్వ కంటి విభాగంలోనైనా, దాన్ని చదవగల డాక్టరుతో సహా పేదవాళ్ళకు అందుబాటులో ఉండాలి. మొదటి మెట్టు మాత్రం ఇవాళే వేయొచ్చు: శిబిరాల్లో ఇచ్చే కార్డు మీద కొత్త నంబరు పక్కన 'పాత సిలిండర్', 'పాత యాక్సిస్' అని రెండు గళ్ళు అచ్చు వేయించడం.

ఇట్లు,
కంటి పరీక్షలు, కార్నియా స్కాన్లు చేసే కొందరు ఆప్టోమెట్రిస్టులు, నేత్ర వైద్యులు,
కర్నూలు.